విల్లులో రాశారు, చర్చికి చేరలేదు

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. అందరం అంకుల్ అనే పిలిచేవాళ్ళం. 1980ల్లో ఒంగోలు దగ్గర పల్లె నుంచి అమెరికా వచ్చారట. డాలస్ పక్కన ఒక అమెరికన్ చర్చి వాళ్ళు అద్దెకిచ్చిన హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు ఆరాధన జరుగుతుంది. అది అయ్యాక కుర్చీలు మడిచిపెట్టేది, కాఫీ ఫ్లాస్కులు కడిగేది, చివర్న లైట్లు ఆర్పేది ఆయనే. "నేను పోయాక నా దాంట్లో పదో వంతు సంఘానికే. విల్లులో రాసేశాను" అని ఆయన చాలాసార్లు అన్నారు. సొంత గుడి కట్టుకోవాలన్న ఆశ ఉన్నవాళ్ళం కాబట్టి ఆ మాట అందరికీ గుర్తుండిపోయింది.

పోయిన ఏడాది చలికాలంలో ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. కొన్ని నెలలకి సంఘం పేరున చెక్కు వచ్చింది. 340 డాలర్లు.

తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. పాట్‌లక్‌లో బిర్యానీ దగ్గర నిలబడి ఎవరో "పిల్లలు నొక్కేశారు" అన్నారు. నేను కాదనలేదు సరికదా, "ఈ రోజుల్లో పిల్లలు అంతే లెండి" అని వంత పాడాను. ఆ మాట తిరిగి తిరిగి ఆయన కూతురి చెవిన పడింది. అక్క చర్చికి రావడం మానేసింది.

రెండు నెలలు ఆగి, ఉండబట్టలేక, గోంగూర పచ్చడి సీసా ఒకటి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నువ్వు సైన్సు చదివినదానివి కదమ్మా. చూడు. మేం ఎక్కడ నొక్కేశామో చెప్పు."

నేను గుంటూరు ఏ.సి. కాలేజీలో బీఎస్సీ చేశాను. లెక్క అర్థం చేసుకోవడానికి ఆ మాత్రం చదువు చాలు. ఆ సాయంత్రం అక్క ఇంట్లోనూ, తర్వాత కొన్ని వారాలు మా ఇంట్లోనూ కూర్చుని తెలుసుకున్నదే ఈ వ్యాసం. నేను లాయర్ని కాను, సీపీఏని కాను. ఇది చదివి సంతకాలు పెట్టకండి. లాయర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రం పనికొస్తుంది. మీరు చర్చికి వెళ్ళేవారు కాకపోతే, చర్చి అన్న చోటల్లా మీ గుడి పేరో, మీ ఊరి బడి పేరో పెట్టుకుని చదవండి. ఐఆర్‌ఎస్ లెక్కలో గుడీ మసీదూ కూడా చర్చి అన్న మాట కిందికే వస్తాయి.

విల్లు ఎందుకు ఖాళీ అయింది

అంకుల్ విల్లు నిజమే. లాయర్ రాసిందే. ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. అందులో "నా ఎస్టేట్‌లో పదో వంతు సంఘానికి" అని స్పష్టంగా ఉంది. తప్పు అక్కడ లేదు.

ఆయన ఆస్తి ఎక్కడ ఉందో చూద్దాం. ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళ పొదుపు ఐఆర్ఏలో ఉంది. దానికి బెనిఫిషియరీలుగా కొడుకు, కూతురు. లైఫ్ ఇన్సూరెన్స్‌లోనూ వాళ్ళిద్దరి పేర్లే. ఇంటికి ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ రాసి కౌంటీలో రికార్డు చేయించారు. అదీ పిల్లలకే. ఇవన్నీ వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు బల్లల దగ్గర చేసిన సంతకాలు.

విషయమంతా ఇక్కడే ఉంది. బెనిఫిషియరీ పేరు రాసిన ఖాతాలు విల్లు కిందికి రావు. విల్లులో ఏం రాసి ఉన్నా, ఆ ఫారంలో ఎవరి పేరుంటే వాళ్ళకే నేరుగా వెళ్తాయి. 401కె, ఐఆర్ఏ, లైఫ్ ఇన్సూరెన్స్, హెచ్ఎస్ఏ, పేయబుల్ ఆన్ డెత్ అని రాయించిన బ్యాంకు ఖాతా, ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ పెట్టిన షేర్ల ఖాతా, అన్నీ ఇంతే. భార్యాభర్తలు సర్వైవర్‌షిప్ హక్కుతో కలిపి పెట్టుకున్న ఖాతా కూడా విల్లు దాకా రాదు, బతికున్నవాళ్ళదవుతుంది. వీటన్నిటినీ తీసేశాక మిగిలినదాని మీదే విల్లుకి అధికారం.

అంకుల్ విషయంలో మిగిలింది ఒక చెకింగ్ ఖాతా, ఒక పాత క్యామ్రీ. ఎస్టేట్ ముందుగా అంత్యక్రియల ఖర్చు, ఆసుపత్రి బాకీ, లాయర్ ఫీజు కట్టాలి. అవన్నీ పోగా 3,400 డాలర్లు తేలాయి. అందులో పదో వంతు 340. పిల్లలు విల్లుని అక్షరాలా పాటించారు.

మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో లెక్చరర్ గారు ఒక మాట పదే పదే చెప్పేవారు. సీసాలో ఏముందని నువ్వు అనుకుంటున్నావో కాదు, సీసా మీద ఏం రాసుందో అది చూడు అని. అమెరికాలో ఆస్తి కూడా అలాగే నడుస్తోంది. ప్రతి ఖాతా ఒక సీసా. బెనిఫిషియరీ ఫారం దాని మీది చీటీ. చీటీ లేని సీసాలకే విల్లు.

అసలు విల్లే లేకపోతే? అప్పుడు రాష్ట్ర చట్టం పంచుతుంది. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఇలా వరస ఉంటుంది. ఏ రాష్ట్రంలోనూ ఆ వరసలో చర్చి ఉండదు. మీరు ఇరవై ఏళ్ళు దశమభాగం ఇచ్చి ఉన్నా ఉండదు. నోటితో అందరి ముందూ చెప్పినా చెల్లదు.

ఏ సీసా ఎవరికి

అక్క చెప్పిన రెండో సంగతి ఇంకా బాధ కలిగించింది. నాన్న మాట నిలబెట్టాలని అక్క తన వాటా నుంచి సంఘానికి ఇవ్వడానికే సిద్ధపడింది. ఆ డబ్బు ఐఆర్ఏలోది. బయటికి తీస్తే అది ఆ ఏడాది అక్క ఆదాయం కింద లెక్క, దాని మీద పన్ను. అంత విరాళానికి పూర్తి మినహాయింపు కావాలంటే ఐటమైజ్ చేయాలి. అదే అంకుల్ తన ఐఆర్ఏ ఫారంలోనే సంఘం పేరు రాసి ఉంటే సంఘం దాని మీద ఒక్క సెంటు కూడా పన్ను కట్టనక్కర్లేదు.

ఇది ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. మీ దగ్గర మామూలు ఐఆర్ఏలో 50,000 డాలర్లు ఉన్నాయనుకోండి. ఎప్పుడో 20,000 పెట్టి కొన్న షేర్లు ఇప్పుడు 50,000 అయ్యాయనుకోండి. ఒకటి కూతురికి, ఒకటి చర్చికి ఇవ్వాలని మీ కోరిక. కూతురు 24 శాతం బ్రాకెట్‌లో ఉందనుకుందాం.

ఐఆర్ఏ కూతురికి ఇస్తే: తీసినదంతా ఆమె ఆదాయమే. సుమారు 12,000 పన్ను పోయి 38,000 చేతికొస్తుంది. షేర్లు చర్చికి, అంటే 50,000.

తిరగేసి చూడండి. ఐఆర్ఏ చర్చికి ఇస్తే చర్చికి పన్ను లేదు, 50,000 పూర్తిగా అందుతుంది. షేర్లు కూతురికి ఇస్తే, మీరు పోయిన రోజు విలువే ఆమె కొన్న ధర కింద లెక్కిస్తారు. వెంటనే అమ్మితే దాదాపు పన్ను ఉండదు, 50,000 ఆమెకే.

చర్చికి రెండు లెక్కల్లోనూ అంతే వచ్చింది. కూతురికి మాత్రం 12,000 తేడా. చీటీలు మార్చి అతికించినందుకే ఇంత.

2019లో వచ్చిన సెక్యూర్ చట్టం తర్వాత ఈ తేడా ఇంకా పెరిగింది. ఇదివరకు పిల్లలు వారసత్వంగా వచ్చిన ఐఆర్ఏని తమ జీవితకాలమంతా కొంచెం కొంచెంగా తీసుకునేవారు. ఇప్పుడు చాలామంది పదేళ్ళలోపు ఖాళీ చేయాలి. సరిగ్గా వాళ్ళు బాగా సంపాదించే వయసులో ఆ డబ్బు వచ్చి పడుతుంది. హెచ్ఎస్ఏ ఇంకా ఘోరం. భార్యకో భర్తకో కాక ఇంకెవరికైనా వెళ్తే అదంతా ఒకే ఏడాదిలో ఆదాయం కింద లెక్క. అందుకే చర్చికి ఇవ్వదలిస్తే మామూలు ఐఆర్ఏ, మామూలు 401కె, హెచ్ఎస్ఏ ముందు వరసలో ఉంటాయి. రాత్ ఖాతాలు, ఇల్లు, షేర్లు పిల్లలకి మంచివి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, 401కెకి ఫెడరల్ చట్టం ప్రకారం భార్య లేదా భర్తే బెనిఫిషియరీ. అందులో ఒక్క శాతం చర్చికి రాయాలన్నా ఆ రెండో మనిషి నోటరీ ముందో ప్లాన్ ప్రతినిధి ముందో ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. రెండు, ఒకే ఐఆర్ఏలో పిల్లల పేర్లూ చర్చి పేరూ కలిపి రాస్తే తర్వాత గడువుల చిక్కులు వస్తాయి. చర్చి కోసం చిన్న ఐఆర్ఏ ఒకటి విడిగా పెట్టుకోవడం సులువు.

70 ఏళ్ళ 6 నెలలు దాటిన పెద్దలకి ఇంకో దారి ఉంది. బతికుండగానే ఐఆర్ఏ నుంచి నేరుగా చర్చికి పంపొచ్చు. దాన్ని క్యూసీడీ అంటారు. 2025లో దాని పరిమితి మనిషికి 108,000 డాలర్లు. ఆ మొత్తం ఆదాయంలో కలవదు, 73 నుంచి తప్పనిసరిగా తీయాల్సిన మొత్తంలో కూడా జమ అవుతుంది. మనకంటే ముందు తరం డాక్టర్లకీ ఇంజనీర్లకీ ఇది బాగా సరిపోతుంది. తమ చేతుల మీదుగా ఇచ్చి, కళ్ళతో చూసుకుని వెళ్తారు.

చారిటబుల్ ట్రస్టులు, గిఫ్ట్ యాన్యుటీలు అనేవి కూడా ఉన్నాయి. వాటిలో మీరు బతికున్నంత కాలం మీకు ఆదాయం వస్తుంది, తర్వాత మిగిలింది చర్చికి. ఇవి పెద్ద మొత్తాలకి. పైగా ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేరు. బెనిఫిషియరీ ఫారం, విల్లు అలా కాదు. బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ఎస్టేట్ టాక్స్ గురించి ఒక్క మాట. 2026 నుంచి మనిషికి 15 మిలియన్ డాలర్ల దాకా ఫెడరల్ ఎస్టేట్ టాక్స్ లేదు కాబట్టి మనలో చాలామందికి ఆ బెంగ లేదు. కానీ వాషింగ్టన్, ఇల్లినాయి, మసాచుసెట్స్, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలకి సొంత ఎస్టేట్ టాక్స్ ఉంది, అక్కడ పరిమితులు చాలా తక్కువ. అమెరికా పౌరులూ కాక, ఇక్కడ స్థిరనివాసులుగా కూడా లెక్కకు రానివాళ్ళకి ఇక్కడి ఆస్తి మీద మినహాయింపు 60,000 డాలర్లే. వీసాల మీద ఉన్నవాళ్ళు తాము ఏ లెక్కలోకి వస్తారో తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.

ఏం రాయాలి, ఎలా రాయాలి

మన తెలుగు సంఘాల సంగతి మనకి తెలుసు. అద్దె హాళ్ళలో మొదలవుతాయి. పేర్లు మారతాయి. కొన్ని రెండవుతాయి. పాస్టర్ అయ్యగారు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతారు. మీ కాగితం ముప్పై ఏళ్ళ తర్వాత తెరుచుకోవచ్చు. అప్పటికి కూడా నిలబడేలా రాయాలి.

మొదటిది, పేరు. ఆదివారం మనం పిలుచుకునే పేరు కాదు, రాష్ట్రంలో రిజిస్టరు అయిన పూర్తి పేరు, చిరునామా, ఈఐఎన్ నంబరు రాయాలి. సంఘం ట్రెజరర్‌ని అడిగితే ఇస్తారు. చర్చిలు 501సి3 హోదా కోసం ఐఆర్‌ఎస్‌కి దరఖాస్తు పెట్టడం తప్పనిసరి కాదు, అందుకని ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్ జాబితాలో మీ చర్చి కనిపించకపోతే కంగారు పడకండి. కానీ అసలు సంస్థగా రిజిస్టరు అయిందా లేదా అన్నది మాత్రం తేల్చుకోండి.

రెండోది, పాస్టర్ గారి పేరున రాయకండి. ఎంత మంచివారైనా సరే. అది చర్చికి ఇచ్చినట్టు కాదు, ఒక మనిషికి ఇచ్చినట్టు. ఆయన తర్వాత అది ఆయన వారసులకి వెళ్తుంది. ఈ మాట చెప్పడం మర్యాద కాదేమో అనుకున్నాను. కానీ మా అయ్యగారే "ముందు అది రాయమ్మా" అన్నారు.

మూడోది, అంకె కంటే శాతం మేలు. "20,000 డాలర్లు చర్చికి, మిగిలింది పిల్లలకి" అని రాస్తే చర్చిదే ముందు తీస్తారు. చివరి రోజుల్లో నర్సింగ్ హోమ్ ఖర్చుకి ఆస్తి కరిగిపోయి 25,000 మాత్రమే మిగిలితే పిల్లలకి 5,000. ఎవరూ కోరుకునేది అది కాదు. శాతం రాస్తే పెరిగినా తరిగినా అందరూ కలిసి పంచుకుంటారు.

నాలుగోది, రెండో పేరు. "ఆ సంఘం అప్పటికి లేకపోతే ఫలానా సంస్థకి" అని కంటింజెంట్ రాయాలి.

ఐదోది, షరతులు మరీ బిగించకండి. "గుడి కట్టడానికి మాత్రమే" అని రాస్తే, అప్పటికే గుడి కట్టేసి ఉంటే ఆ డబ్బు కోసం కోర్టు మెట్లెక్కాలి. "వీలైతే గుడి కట్టడానికి, లేకపోతే సంఘ అవసరాలకి" అంటే చాలు.

జీతం లేని నేను ఏం ఇస్తాను

ఇదంతా మా ఇంట్లో చెబితే మా ఆయన నవ్వారు. "నలభై కూడా రాలేదు, అప్పుడే విల్లా?"

"మీరు రాసుకోండి. నాకేముంది రాయడానికి, జీతమా పాడా" అన్నాను నేను. పదమూడేళ్ళుగా ఇల్లూ పిల్లలూ చూసుకుంటున్నాను. డిపెండెంట్ వీసా ఏళ్ళలో ఉద్యోగానికి వీల్లేదు, తర్వాత పిల్లలు. నిజంగానే నాదంటూ ఏమీ లేదనుకున్నాను.

లాయరమ్మ అది విని నా వైపు తిరిగింది. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. పెళ్ళయ్యాక ఇద్దరిలో ఎవరు సంపాదించినా, ఎవరి పేరున ఉన్నా, సగం నాది. నా సగాన్ని నేను నా విల్లులో ఎవరికి కావాలంటే వాళ్ళకి రాయొచ్చు. మా ఆయన కూడా తన సగమే రాయగలరు, నాది కాదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా, నెవాడా, న్యూ మెక్సికో, ఐడహో, లూయిజియానా, విస్కాన్సిన్ కూడా ఇలాంటి రాష్ట్రాలే, మొత్తం తొమ్మిది. పెళ్ళికి ముందు ఉన్నదీ, పుట్టింటి నుంచి కానుకగానో వారసత్వంగానో వచ్చిందీ ఎవరిది వాళ్ళదే.

ఒక మినహాయింపు ఉంది. కంపెనీ 401కెలో నా సగం అని చెప్పి, మా ఆయనకంటే ముందు నేను పోతే దాన్ని విల్లులో రాసే వీల్లేదు. 1997లో బాగ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. మిగతా రాష్ట్రాల్లో, అంటే న్యూజెర్సీ, జార్జియా, వర్జీనియా లాంటి చోట్ల, ఎవరి పేరున ఉంటే వాళ్ళదే లెక్క. అక్కడ ఇల్లాలి పేరున ఏముందో ఒకసారి చూసుకోవడం అవసరం.

ఆ రోజు కారులో ఇంటికి వస్తుంటే నేనేం మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా చర్చి కవరులో డబ్బు పెట్టేటప్పుడు "ఏవండీ, ఎంత పెట్టమంటారు" అని అడిగేదాన్ని. మా ఆయన ఎప్పుడూ నాది కాదనలేదు. నాది కాదనుకున్నది నేనే.

ఊళ్ళో చర్చికి రాయాలంటే

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. ఆమె ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. వాళ్ళ వెనక ఉన్నది పెన్సిల్వేనియా చుట్టుపక్కల లూథరన్ సంఘాలు, అక్కడి ఆడవాళ్ళ మిషనరీ సొసైటీల చందాలు. గుంటూరు ఎక్కడుందో కూడా చూడని ఇల్లాళ్ళు ఇచ్చిన డబ్బుతో కట్టిన గోడల మధ్య నేను పుట్టాను. నాకు ఇవ్వాలనిపించడానికి అదీ ఒక కారణం. మనలో చాలామందికి ఊళ్ళో చర్చికో, చదువుకున్న బడికో కొంత రాయాలని ఉంటుంది. అది ఇక్కడి చర్చికి రాసినంత సులువు కాదు.

భారతదేశంలో విదేశీ విరాళాలకి ఎఫ్‌సీఆర్ఏ చట్టం ఉంది. విదేశీ విరాళం తీసుకునే సంస్థకి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. ఇక్కడ మనం పొరపడే చోటు ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మనం విదేశీయులమే. రూపాయల్లో ఇచ్చినా అంతే. పల్లెల్లో చిన్న చిన్న సంఘాలకి ఆ రిజిస్ట్రేషన్ ఎక్కడ ఉంటుంది? తెలియక తీసుకుంటే చిక్కుల్లో పడేది వాళ్ళే. అందుకని ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థతో కలిసి పనిచేసే అమెరికా సంస్థ ఏదైనా చూసి, దాని పేరు రాసి, మీ ఊరి కోరికని వేరే ఉత్తరంలో తెలపడం మేలు.

ఊళ్ళో ఆస్తి ఉంటే దానికి అక్కడి లాయర్ చేత అక్కడి విల్లు విడిగా రాయించుకోవడం మంచిదంటారు. అప్పుడు ఒక విల్లు ఇంకో విల్లుని రద్దు చేయకుండా రెండింట్లోనూ ఆ మాట రాయించాలి.

మా అమ్మ దీని గురించి ఫోన్లో ఒకటి అడిగింది. "క్రైస్తవులు చర్చికి రాస్తే చెల్లదంటారు కదే?" ఒకప్పుడు నిజమే. 1925 భారత వారసత్వ చట్టంలో 118వ సెక్షన్ ప్రకారం, దగ్గరి బంధువులున్నవారు మతానికో ధర్మానికో ఆస్తి రాస్తే, ఆ విల్లు చావుకి కనీసం పన్నెండు నెలల ముందు రాసి, ఆరు నెలల్లోపు ప్రభుత్వం దగ్గర భద్రపరిచి ఉండాలి. ఆ భారం ముఖ్యంగా క్రైస్తవుల మీదే పడేది. జాన్ వల్లమట్టం అనే కేరళ ఫాదర్ ఒకరు దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2003 జులైలో కోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. కాబట్టి ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. అమ్మలాంటి పెద్దవాళ్ళకి ఈ మాట తెలియజెప్పండి.

ముందు పిల్లలు, తర్వాత పిల్లలకి చెప్పడం

మాకు పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. మా వయసువాళ్ళ విల్లులో చర్చి కంటే ముందు రాయాల్సింది గార్డియన్ పేరు. మా ఇద్దరికీ ఒకేసారి ఏదైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి? అన్నయ్య హైదరాబాద్‌లో ఉంటే, ఆయన వచ్చే దాకా ఇక్కడ ఎవరు చూసుకోవాలి? మైనర్ పిల్లల పేర్లు నేరుగా బెనిఫిషియరీలుగా రాస్తే డబ్బు కోర్టు పర్యవేక్షణలో ఇరుక్కుంటుంది. అందుకే వాళ్ళ కోసం ట్రస్టు. ఇవి అయ్యాకే చర్చి గురించి ఆలోచించాం. ఇల్లు గడవని వాళ్ళు చర్చికి రాయాలని నేను అనను. ఏ దేవుడూ అడగడు.

ఒక శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచి అన్ని ఖాతాల చీటీలు చూశాం. మా ఆయన మొదటి కంపెనీ నుంచి తెచ్చిపెట్టిన చిన్న ఐఆర్ఏ ఒకటుంది. దాని బెనిఫిషియరీగా మా మావయ్య గారి పేరు. పెళ్ళి కాకముందు రాసింది. మావయ్య గారు పోయి ఆరేళ్ళయింది. మా ఆయన కాసేపు ఆ పేరు వైపే చూస్తూ ఉండిపోయారు. "ఇది చర్చికి రాసేద్దాం. నాన్న పేరున" అన్నారు. పది నిమిషాల పని. లాయర్ అక్కర్లేదు, ఖర్చు లేదు. కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం కాబట్టి నా ఒప్పుకోలు కూడా కావాలన్నారు, సంతకం పెట్టాను. నా విల్లులో నా వాటాలో ఐదు శాతం నేనే రాశాను.

మర్నాడు బాబుకి చెప్పాం. పాపకి ఇంకా అర్థం కాదు. వాడు అంతా విని "సరే కానీ, ఎందుకు?" అని అడిగాడు. వాళ్ళ తాతయ్య గురించి, నేను పుట్టిన ఆసుపత్రి గురించి చెప్పాను. అంకుల్ చేయకుండా వదిలేసింది ఈ ఒక్క పనే. సంఘంలో పదిమందికి చెప్పారు, ఇంట్లో ఇద్దరికి చెప్పలేదు. "నాన్న ఒక్కసారి మాతో అని ఉంటే, ఆ ఫారాలు మేమే మార్పించేవాళ్ళం" అని అక్క ఆ రోజు ఏడ్చింది.

తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారిని అడిగి రెండు నిమిషాలు మైకు తీసుకున్నాను. ఆ 340 డాలర్ల లెక్క మొత్తం చెప్పాను. "పిల్లలు అంతే" అన్న మాట నేనూ అన్నానని, అది తప్పని చెప్పాను. అక్క ఆ రోజు రాలేదు. ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కుర్చీలు ఎవరు మడుస్తున్నారు ఇప్పుడు?" అని అడిగింది.

వరస వేసుకుని అందరం మడుస్తున్నామని చెప్పాను. నెలాఖరు ఆదివారం తన వంతు వేయమంది.

ఈ వారాంతంలో మీరూ ఒక గంట కూర్చోండి. కాగితం మీద మూడు గళ్ళు గీయండి: ఖాతా పేరు, అందులో రాసి ఉన్న పేరు, ఉండాల్సిన పేరు. రెండో గడి, మూడో గడి ఒకటి కాని చోట సోమవారం ఫోన్ చేయండి. తర్వాత ఆ కాగితం ఎక్కడ పెట్టారో మీ పిల్లలకి చెప్పండి.